పిచ్చుకల జట్టు

హార్మన్స్ ఫోర్డ్, నార్త్ కరోలినా
1970 సెప్టెంబరు 14

ఎర్నెస్టీన్ వదినకు,

మీరు బస్సెక్కి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఫిలడెల్ఫియా చేరానని రాసిన కార్డు అందింది. దాన్ని వంటింటి అలమర తలుపు లోపలివైపు గుచ్చి పెట్టాను.

ముందు ఇంటి సంగతులు. పీచ్ పళ్ళు చలికాలానికి ముప్పై ఒక్క సీసాల్లో నిల్వ పెట్టాను, రెండు పగిలాయి. మీ తమ్ముడు ఒటిస్‌కి పొగాకు గోదాములో పని మొదలైంది, ఆదివారం చొక్కాకి కూడా ఆ వాసనే. "అక్క వెళ్ళిపోయాక నన్ను తిట్టే దిక్కు లేకుండా పోయింది" అంటాడు. నేను లేనా అని అడిగితే, "నువ్వు తిడితే తిట్టినట్టు ఉండదు వెర్డెల్, సరుకుల జాబితా చదివినట్టు ఉంటుంది" అన్నాడు. నవ్వులాటకే అన్నాడుగానీ, చూపు మీ కుర్చీ వైపే ఉంది.

ఇక మా చిన్నది. జొనెల్‌ని ఆగస్టు ముప్పై ఒకటిన తెల్లవాళ్ళ బడికి పంపాను. ఇక దాన్ని తెల్లవాళ్ళ బడి అనకూడదట, అందరి బడి అనాలట. నోరు తిరగడం లేదు. బస్సు ఏడూ పదికి వస్తుంది. పసుపు గౌను గంజిపెట్టి ఇస్త్రీ చేశాను, జుట్టు నాలుగు జడలు వేశాను, బయల్దేరే ముందు చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పాను. మూడో తరగతిలో ఇరవై ఎనిమిది మంది, అందులో మన నల్లవాళ్ళు తొమ్మిది మంది. టీచరు పేరు మిసెస్ పార్హమ్. సాయంత్రం ఎలా ఉందని అడిగితే "బాగుంది" అంటుంది. రోజూ అదే మాట, అంతే.

పిల్లలందరూ అక్కడికే వెళ్ళాలని, మీరు పాఠాలు చెప్పిన మన లిండెన్ గ్రోవ్ బడికి తాళం వేశారు. చర్చికి వెళ్ళేటప్పుడు అటువైపు కాకుండా ఈ మధ్య మిల్లు పక్కనుంచి వెళుతున్నాను.

అక్కడ మీకు ఏ తరగతి ఇచ్చారు? పిల్లలు ఎంతమంది? జొనెల్ రోజూ అడుగుతోంది.

మీ మరదలు,
వెర్డెల్


ఫిలడెల్ఫియా
1970 సెప్టెంబరు 27

వెర్డెల్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పగిలిన సీసాల గురించి కూడా రాసే మనిషివి నువ్వొక్కదానివే.

ఇక్కడ పని దొరికింది. రోజంతా నిలబడి చేసేదే, ఇరవై ఆరేళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డదానికి అదేం కొత్త కాదు. గది చిన్నదే, కానీ కిటికీ ఉంది. ఇంటావిడ మిసెస్ గ్యాస్కిన్స్ నన్ను "టీచరమ్మా" అని పిలుస్తుంది.

జొనెల్ గురించి నాకు దిగులు లేదు. ఆ పిల్ల గొంతు నాకు తెలుసు. మా బడిలో శుక్రవారం మధ్యాహ్నం పుస్తకాలు మూయించేదాన్ని కదా. ఒక్కొక్కరూ ఖాళీ సబ్బుల పెట్టె ఎక్కి, తమ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరి గురించి చెప్పాలి. చదివింది కాదు, ఇంట్లో అడిగి తెలుసుకున్నది. జొనెల్ ఆరేళ్ళప్పుడు మా ముత్తవ్వ డైసీ గురించి చెప్పింది. అరవయ్యో ఏట అక్షరాలు నేర్చుకుని, మొట్టమొదట తన పేరు కాకుండా, తన చిన్నప్పుడు బానిసగా అమ్మేసిన అన్న పేరు రాసుకుందని చెప్పింది. రోడ్డు మీద ఐసు బండివాడు బండి ఆపి విన్నాడు. "ఎవరమ్మా ఆ పిల్ల, సగం ఐసు కరిగిపోయింది" అని నా మీద నేరం మోపి వెళ్ళాడు.

బడి మూసినా ఆ పని ఆగకూడదు. శనివారం పూట నీ వంటింట్లో పెట్టు. మన వీధి పిల్లల్ని నలుగురిని పిలువు. సబ్బుల పెట్టె లేకపోతే పాలసీసాల పెట్టె చాలు. తన వెనక ఎవరున్నారో తెలిసిన పిల్ల ఎవరి ముందూ చిన్నబోదు.

జొనెల్‌కి చెప్పు: తెలిసిన జవాబుకి చెయ్యి ఎత్తాలి. గొంతు గది చివరిదాకా వినబడాలి. అత్త చెప్పిందని చెప్పు.

ఎర్నెస్టీన్


హార్మన్స్ ఫోర్డ్
1970 నవంబరు 9

వదినా,

ఆలస్యమైంది. రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను.

బడి నుంచి కాగితం వచ్చింది. మూడో తరగతి పిల్లల్ని చదువును బట్టి మూడు జట్లు చేశారు. బాగా చదివేవాళ్ళు ఎర్రపిట్టలు, మధ్యరకం నీలిపిట్టలు, వెనకబడ్డవాళ్ళు పిచ్చుకలు. జొనెల్ పిచ్చుకల్లో ఉంది. ఆ జట్టులో ఏడుగురు. ఆరుగురు మనవాళ్ళే. ఏడోవాడు మిల్లు వెనక గుడారంలో ఉండే తెల్లవాళ్ళ పిల్లాడు, పాపం, చెప్పుల్లేకుండా వస్తాడట.

వాళ్ళకిచ్చిన పుస్తకం, జొనెల్ మీ దగ్గర ఒకటో తరగతిలో చదివేసింది. ఇంట్లో వాళ్ళ నాన్నకి రోజూ పేపరు చదివి వినిపిస్తుంది. పొగాకు ధరలు చదివేటప్పుడు తల కూడా ఊపుతుంది, ధర నచ్చనట్టు. ఆ పిల్ల పిచ్చుకల్లో!

మిసెస్ పార్హమ్ రాసింది చూసి రాస్తున్నాను: "మంచి పిల్ల. శుభ్రంగా వస్తుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, చెయ్యి ఎత్తదు, నేలవైపు చూస్తుంది. అడిగింది అర్థం కావడం లేదేమో."

మీరు చెప్పినట్టే శనివారాలు మొదలుపెట్టాను. అక్టోబరు 10 నుంచి ఐదు వారాలయింది. నలుగురు వస్తున్నారు. మొక్కజొన్న రొట్టె పెడితే ఆరుగురు వస్తున్నారు. పక్కింటి కోరా కొడుకు వాళ్ళ తాతని రెండుసార్లు చంపి మూడుసార్లు బతికించాడు, అంత బాగా చెబుతాడు. జొనెల్ వింటుంది. పెట్టె మాత్రం ఎక్కదు. నేనే దాని వంతుకి చెబుతున్నాను.

పోయిన శనివారం అందరూ వెళ్ళాక గిన్నెలు తుడుస్తూ అడిగింది: "అమ్మా, మన బడి చెడ్డదని మూసేశారా?"

కాదన్నాను.

"మంచిదైతే వాళ్ళే మన బడికి వచ్చేవాళ్ళుగా."

ఆ గిన్నె తీసుకుని మళ్ళీ కడిగాను. ఆ మాటకు ఏం చెప్పాలో మీరు రాయండి.

మీరు ఏ తరగతికి చెబుతున్నారో రాయలేదు. జొనెల్ ఇంకా అడుగుతోంది.

వెర్డెల్


ఫిలడెల్ఫియా
1970 నవంబరు 20

వెర్డెల్,

మిసెస్ పార్హమ్ రాసిన మాట పైకి చదువుకున్నాను.

అర్థం కావడం లేదా? ఆ పిల్లకా? అది నాలుగేళ్ళకి నా ఒళ్ళో కూర్చుని బైబిల్లో ఊళ్ళ పేర్లు చదివింది. మా బడి పిల్లల్లో పదకొండు మంది కాలేజీకి వెళ్ళారు, చిరిగిన పుస్తకాలు చదివి వెళ్ళారు. "మీ తెల్లపిల్లలు వాడి పారేసినవి మాకిచ్చారు, వాటితోనే మా వాళ్ళని మీ పిల్లలకన్నా పైకి తెచ్చాం" అని ఆ పార్హమ్మకి ఎవరైనా చెప్పారా?

జొనెల్ అడిగినదానికి చెప్పు. బడి మంచిదా చెడ్డదా అని ఎవరూ చూడలేదు. చూడటానికి రానే రాలేదు. ఇరవై ఆరేళ్ళలో జిల్లా బడుల పెద్దల్లో ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు, తాళం వేసిన రోజు తప్ప. దానికి అలాగే చెప్పు, మెత్తబరచకు.

ఒక్కటి మాత్రం నాకు స్పష్టంగా తెలుస్తోంది. పిల్ల ఊరికే మూగబోదు. వేసవిలో నా దగ్గర గలగలమన్న పిల్ల సెప్టెంబరుకల్లా నేలచూపులు చూస్తోందంటే, ఎవరో దాని నోరు నొక్కారు. బస్సులోనా? తరగతిలోనా? ఎవరో కనుక్కో. పేరు రాసి పంపు. బడి పెద్దలకి నేనే రాస్తాను, నాకేం భయం లేదు.

ఎర్నెస్టీన్


హార్మన్స్ ఫోర్డ్
1970 డిసెంబరు 6

వదినా,

మీరు పేరు అడిగారు. వెర్డెల్.

మొదటి ఉత్తరంలో నాలుగు మాటలు చెప్పి పంపానని రాశాను. అవేమిటో రాయలేదు. ఆ రోజు జడలు వేస్తూ చెప్పాను, ఒక్కో జడకి ఒక్కో మాట, గుర్తుండాలని. అడిగితే తప్ప మాట్లాడకు. తెలిసినా ముందుగా చెయ్యి ఎత్తకు, ముందు వాళ్ళ పిల్లల్ని ఎత్తనియ్యి. టీచరు మొహంలోకి తిన్నగా చూడకు. వాళ్ళు తప్పు చెప్పినా నువ్వు సరిదిద్దకు. నాలుగూ తిరిగి చెప్పించుకున్నాను. ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. మీ శిష్యురాలు కదా.

మా అమ్మ నాకు చెప్పినవే అవి. మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పినవి. ఇంటింటా ఉన్నవే. మా అన్న లూషియస్ గురించి ఒటిస్ మీకు చెప్పి ఉండడు. నేను ఎక్కువగా చెప్పుకోను. అప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. పోస్టాఫీసులో వరసలో నిలబడితే ఒక తెల్లతను ముందుకు తోసుకొచ్చాడు. "అయ్యా, నా వంతు" అన్నాడు మా వాడు. గొంతు పెంచలేదు. తలెత్తి అన్నాడు, అంతే. ఆ సాయంత్రం ముగ్గురు మా పెరట్లోకి వచ్చి నాన్నని అడిగారు: "నీకు కొడుకు కావాలా?" నాన్న "కావాలండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే అన్నని బాల్టిమోరు బస్సెక్కించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడు, అక్కడే పోయాడు. అమ్మ చనిపోయినప్పుడు కూడా రాలేదు. రావద్దని నాన్నే కబురు చేశాడు.

పసుపు గౌను తొడిగేటప్పుడు నాకు కనబడింది జొనెల్ కాదు, ఆ బస్సు.

అయినా ఇప్పుడు 1970. జొనెల్ ఆడపిల్ల, ఎనిమిదేళ్ళది. పోస్టాఫీసు కాదు, తరగతి గది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ చెప్పాను. దానికి చదువు రాదని వాళ్ళు రాసుకున్నారు. నా మాట వింది కాబట్టి రాసుకున్నారు. ఇంత శ్రద్ధగా వినే పిల్ల కాకపోయుంటే పిచ్చుకల్లో ఉండేది కాదు.

ఆ మాటలు వెనక్కి తీసుకున్నాను. నాలుగూ తప్పేనని థాంక్స్‌గివింగ్ పండుగ రోజు చెప్పాను. "సరేనమ్మా" అంది. కానీ ఏమీ మారలేదు. ఒకసారి చెబితే ఎక్కింది, పదిసార్లు చెప్పినా దిగడం లేదు.

బడి పెద్దలకి ఉత్తరం అక్కర్లేదు. నన్ను ఏమన్నా అనండి, పడతాను.

వెర్డెల్


ఫిలడెల్ఫియా
1971 జనవరి 31

వెర్డెల్,

ఎనిమిది వారాలు నీకు రాయలేదు. క్రిస్మస్‌కి కార్డు కూడా పంపలేదు. నీ ఉత్తరం అందిన రోజే ఒక జవాబు రాశాను, నాలుగు పేజీలు. "నేను ఏళ్ళ తరబడి నిలబెట్టినదాన్ని నువ్వు ఒక్క పొద్దున్న పడగొట్టావు" అని రాశాను. అంతకన్నా చెడ్డవి కూడా. స్టాంపు అంటించి ఉంచుకుని, చివరికి చింపేశాను. అది రాసే హక్కు నాకు లేదు.

నువ్వు రెండుసార్లు అడిగావు ఏ తరగతి అని. నాకు తరగతి లేదు. ఇక్కడ మన సర్టిఫికెట్టు చెల్లదన్నారు, ఇంకో రెండేళ్ళు చదవాలట. యాభై రెండేళ్ళు నాకు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తున్నాను. కింది అంతస్తు, కిటికీ లేదు. మిసెస్ గ్యాస్కిన్స్ నన్ను టీచరమ్మా అంటుందంటే, నేనే ఆమెతో అలా చెప్పాను కాబట్టి. పొద్దున పుస్తకాల సంచీ పట్టుకుని బయల్దేరతాను. అందులో పని గౌను ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పోయిన మేలో మా ఎనిమిది మంది టీచర్లని ఒక్కొక్కరినీ జిల్లా కార్యాలయానికి పిలిచారు. నా ముందు కాగితం పెట్టారు. నా అంతట నేనే మానుకుంటున్నానని అందులో ఉంది. కాగితం ఇచ్చిన తెల్ల కుర్రాడికి ముప్పై ఏళ్ళుంటాయేమో. "ఇక్కడ సంతకం, ఎర్నెస్టీన్" అన్నాడు. మిస్ అనలేదు, టీచర్ అనలేదు. గది చివరిదాకా గొంతు వినబడాలని పిల్లలకి నేర్పినదాన్ని. కళ్ళు నేలకి దించి, కలం అందుకుని, "థాంక్యూ సర్" అన్నాను.

అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. శుక్రవారాలు నేను నేర్పినదంతా మన నాలుగు గోడల మధ్య నేర్పాను. పెట్టె ఎక్కి మాట్లాడితే వినేవాళ్ళు మనవాళ్ళే, చప్పట్లు మనవే. ఆ గోడలు లేనిచోట ఎలా నిలబడాలో నేర్పలేదు, నాకే రాదు కాబట్టి. నువ్వు నేర్పినది గోడల బయటి చదువు. నువ్వు బతకడం నేర్పావు, నేను తలెత్తుకోవడం నేర్పాను. రెండూ ఒకేచోట ఎలా చేయాలో ఆ పిల్లకి ఎవరం చూపించలేదు.

జొనెల్‌తో నా సంగతి చెప్పకు. దాని దగ్గరైనా టీచర్నిగా ఉండనీ.

ఎర్నెస్టీన్


హార్మన్స్ ఫోర్డ్
1971 మార్చి 21

వదినా,

మీరు చెప్పవద్దన్నది చెప్పేశాను. మీ ఉత్తరం మొత్తం జొనెల్‌కి చదివి వినిపించాను. కోపం వస్తుంది మీకు. కానీ ఈ ఇంట్లో దాచి పెట్టినవి చాలు అనిపించింది. అంతా విని, "అత్త దుప్పట్లు మడుస్తూ పక్కవాళ్ళకి పాఠాలు చెబుతుందా?" అని అడిగింది. తెలియదన్నాను. "చెబుతుందిలే, అత్త ఊరుకోదు" అంది.

జరిగినవి వరుసగా రాస్తాను.

ఫిబ్రవరి 16న దాన్ని తీసుకుని బడికి వెళ్ళి, మళ్ళీ పరీక్ష పెట్టమని అడిగాను. ప్రిన్సిపాలు మంచిగానే మాట్లాడాడు, పుస్తకం తెరిచి జొనెల్ ముందు పెట్టాడు. అది నా వైపు చూసింది. చదవమన్నాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆయన పుస్తకం మూశాడు. "చూశారు కదా మిసెస్ మూడీ" అన్నాడు. నేను "అవునండి" అన్నాను. నా కళ్ళు ఎక్కడున్నాయో అప్పుడు గమనించాను వదినా. ఆయన బూట్ల మీద ఉన్నాయి. పక్కన జొనెల్ కళ్ళూ అక్కడే ఉన్నాయి.

వెనక్కి తీసుకున్నానని పదిసార్లు నోటితో చెప్పాను. నా కళ్ళు మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు.

అందుకే మార్చి 11న తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళాను, జొనెల్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మనవాళ్ళు తొమ్మిది మంది, అందరూ వెనక వరసే. చివర్లో ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా అన్నారు. లేచాను. కోరా నా కోటు పట్టుకు లాగింది. "కూర్చోవే, మీ ఆయన గోదాము యజమాని ముందు వరసలోనే ఉన్నాడు" అంది. ఉన్నాడని నాకూ తెలుసు.

రెండు అడిగాను. లిండెన్ గ్రోవ్ గోడలకి ఉన్న ఫోటో పటాలు, పిల్లలు గెలిచిన కప్పులు ఎక్కడ పెట్టారు, ఈ బడి గోడల మీద ఎప్పుడు పెడతారు అన్నది ఒకటి. పిచ్చుకల జట్టులో ఏడుగురు ఉంటే ఆరుగురు మా పిల్లలే ఎందుకయ్యారు అన్నది రెండు. ప్రిన్సిపాలు మొహంలోకి చూసే అడిగాను. రెండో ప్రశ్న సగంలో మాట తడబడింది. అయినా పూర్తి చేశాను.

కప్పులు, పటాలు పోయిన జూన్‌లోనే చెత్త లారీలో వెళ్ళిపోయాయట. స్థలం లేదట. అంత మామూలుగా చెప్పాడు. మీరు ఒక్కో పటం కింద పేర్లు రాయించారు కదా, అవన్నీ. మీకు ఇది రాయడానికే నాకు పది రోజులు పట్టింది. రెండోదానికి, జట్లు ఈ ఏడు మార్చడం కుదరదన్నాడు.

బయటికొచ్చి కారెక్కాక జొనెల్ అడిగింది: "అమ్మా, నీ కాళ్ళు వణికాయి. నేను చూశాను."

"వణికాయి."

"భయం వేసిందా?"

"చాలా."

"మరి మాట్లాడావుగా."

"మాట్లాడాను."

"మొదటిరోజు నన్ను మాట్లాడొద్దన్నావు. అప్పుడూ భయమేనా?"

"అప్పుడూ భయమే."

"నాకు చదువు రాదని అనుకున్నావేమో అనుకున్నాను" అంది.

ఆరు నెలలకు పైగా అలా అనుకుంది వదినా. నేను కారు పక్కకి ఆపేశాను.

ఒటిస్‌ని సోమవారం నుంచి గోదాములో రాత్రి కాపలాకి మార్చారు. కారణం చెప్పలేదు. తను మాత్రం, "మంచిదే, పగలు నీ శనివారం బడిలో పెట్టె ఎక్కుతాను, మా అక్క నన్ను ఎలా కొట్టేదో చెబుతాను" అంటున్నాడు.

జొనెల్ ఇంకా పిచ్చుకల్లోనే ఉంది. ఇంకా మాట్లాడటం లేదు. మీకు విడిగా రాస్తానంది.

వెర్డెల్


హార్మన్స్ ఫోర్డ్
1971 ఏప్రిల్ 22

ఎర్నెస్టీన్ అత్తకి,

ఇది నేనే రాస్తున్నాను. అమ్మ చూడలేదు. తప్పులుంటే నావే.

నువ్వు దుప్పట్లు మడుస్తున్నావని నాకు తెలుసు. ఒక దుప్పటికి ఎన్ని మడతలు? తడిగా ఉంటే బరువా? నాకు రాయి.

మన బడి పటాలు పారేశారు. నేను ఏడవలేదు. కోరా ఆంటీ కొడుకు ఏడ్చాడు, వాళ్ళ తాత పటం కూడా ఉంది అందులో.

మంగళవారం మిసెస్ పార్హమ్ ఒక పెద్ద మ్యాపు తెచ్చింది. మన రాష్ట్రంలో నదులు. ఒక నది మీద కర్ర పెట్టి, దీని పేరు ఎవరికి తెలుసు అంది. ఎర్రపిట్టలు ఎవ్వరూ చెప్పలేదు. నీలిపిట్టలు తప్పు చెప్పారు. నాకు తెలుసు. నాన్నతో చేపలకి వెళ్ళే నది అది.

నేను చెయ్యి ఎత్తాను. నా కాళ్ళు కూడా వణికాయి, అమ్మవి వణికినట్టే. పిచ్చుకలు చివరి బెంచీలో కూర్చుంటారు కదా, ఆవిడ ఇటు చూడలేదు. ఇంకోసారి అడిగింది. అప్పుడు కూడా ఇటు చూడలేదు. తర్వాత తనే చెప్పేసింది.

నేను చెయ్యి దించలేదు. ఆవిడ వేరే పాఠం మొదలుపెట్టింది. నా చెయ్యి నొప్పి పుట్టింది. అప్పుడు రెండో చెయ్యి దాని కింద పెట్టి పట్టుకున్నాను. గంట కొట్టేదాకా అలాగే ఉంచాను.

నీ మేనకోడలు,
జొనెల్ మూడీ